సోలాపూర్, బార్శీ, తుల్జాపూర్: ఊరూరా తిరిగి రాసిన లెక్క

సోలాపూర్, ఆదివారం

సోలాపూర్ స్టేషన్ బయట ఆటో అతను మరాఠీలో పిలిచాడు, హిందీలో రేటు చెప్పాడు. నూటయాభై ఎక్కువని వదినా నేనూ గొణుక్కుంటుంటే విని, “నూరియ్యిండ్రి సాలు, ఎక్కుండ్రి” అన్నాడు. వాళ్ల తాత జనగామ వైపు నుంచి వచ్చాడట. ఏ ఊరో తనకి తెలియదు. తండ్రికి తెలుసు, కానీ తండ్రి లేడు.

తూర్పు పేటల్లో అంతా ఇదే వరస. బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో. నిజాం కాలంలో కరువుకీ పనికీ తెలంగాణ వదిలి వెళ్లిన పద్మశాలీలు ఇక్కడ మగ్గాలు వేసుకున్నారు. ఇప్పుడవి పవర్‌లూమ్‌లు. మగవాళ్లు టవళ్లూ చద్దర్లూ నేస్తే, చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. వదిన వాళ్ల చిన్నమ్మ ఇల్లు అలాంటి సందులోనే ఉంది. ముందుగదిలో లూమ్ నడుస్తుంటే వెనక గదిలో అరిస్తేగానీ వినపడదు. చిన్నమ్మకి అదే అలవాటైపోయి, లూమ్ ఆపేశాక కూడా అరిచే మాట్లాడుతుంది.

“నీళ్లు జర సూసి వాడుకోండ్రి బిడ్డా” అన్నది ఆమె మొదటి మాట. నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది. ఇంట్లో నీలం డ్రమ్ములు మూడు, ఒక్కోదాని మీద ఒక్కో చెంబు. స్నానానికి ఒక బకెట్, అంతే. వదిన ఖమ్మంలో మోటారు వేసి గేటు దాకా కడిగే మనిషి. ఇక్కడ ముఖం కడుక్కున్న నీళ్లు తులసి చెట్టుకి పోసింది.

రాత్రి భోజనంలో కడక్ భాక్రీ. జొన్నరొట్టెని పల్చగా చేసి, అప్పడంలా విరిగేదాకా ఆరబెడతారు. నెలైనా పాడవదట. దాన్ని చేత్తో నలిపి, మీద వేడి పప్పు పోసుకుని, పక్కన షేంగా చట్నీ. ఇది మన పల్లీ చట్నీ కాదు. వేయించిన పల్లీలు, వెల్లుల్లి, ఎండుకారం రోట్లో వేసి నూనె ఊరేదాకా దంచిన ముద్దపొడి. చిన్నమ్మ కోడలు రోకలి ఎత్తి చూపించింది: పల్లీల నూనెతో దాని కొస ఎర్రగా మెరుస్తోంది. మిక్సీలో వేస్తే ఈ ముద్ద రాదని, పొడి వస్తుందని ఆమె ఖచ్చితంగా చెప్పింది. బజార్లో పావుకిలో తొంభై రూపాయలు.

వదిన వచ్చింది తుల్జాపూర్ భవానీ అమ్మవారి మొక్కు కోసం. నేను వచ్చింది బార్శీ కోసం. బార్శీలో ఏముందని చిన్నమ్మ అడిగింది. క్యాన్సర్ ఆస్పత్రి అంటే కంగారుపడి నా వీపు నిమిరింది. నాకేం లేదని నమ్మించడానికి కాసేపు పట్టింది.

నా కారణం ఖమ్మంలో ఉంది. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. తర్వాత కొన్ని మరణాల సంగతి బయటికొచ్చింది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయమంది. ఆ మరణాలకి టీకా కారణం కాకపోవచ్చనే విచారణలో తేలింది. కానీ అనుమతి పత్రాలు తిరగేస్తే అసలు సంగతి కనపడింది: చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. వదిన వాళ్ల ఊరు తిరుమలాయపాలేనికి దగ్గరే. ఆ తర్వాత చాలాకాలం, నర్సమ్మ బడికి వస్తోందంటే పిల్లల్ని ఇంటికి లాక్కెళ్లే తల్లుల్ని నేను చూశాను.

మరి పల్లెటూళ్లు క్యాన్సర్ పరిశోధకుల్ని నమ్మి, గుమ్మంలోకి రానిచ్చిన చోటు ఏదైనా ఉందా అని వెతికితే తేలిన పేరు బార్శీ. సోలాపూర్‌కి 70 కిలోమీటర్లు.

బార్శీ, సోమవారం

ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సులో, వదిన కండక్టర్‌కి ధీమాగా ఆధార్ కార్డు చూపించింది. అతను కార్డు చూసి నవ్వి, “ఇక్కడ సగమే మాఫీ, పూర్తిగా కాదు” అన్నాడు. మహారాష్ట్రలో ఆడవాళ్లకి సగం టికెట్. ఇద్దరికీ కలిపి నూటపాతిక లోపే అయింది. అయినా తెలంగాణలో అయితే ఈ మాత్రం కూడా అక్కర్లేదని వదిన వైరాగ్ దాకా లెక్కలేస్తూనే ఉంది. దారి పొడుగునా జొన్నచేలు, మధ్యలో కంది, అక్కడక్కడా చెరకు. రెండేసి ట్రాలీలు తగిలించిన చెరకు ట్రాక్టర్లు స్పీకర్లలో పాటలు హోరెత్తిస్తూ ఎదురొస్తాయి. మన బస్సే పక్కకి తప్పుకోవాలి.

బార్శీ పెద్ద ఊరేమీ కాదు. పప్పుధాన్యాల అడ్తీలు, బట్టల దుకాణాలు, మధ్యలో భగవంత దేవుడి గుడి. విష్ణువుకి ఆ పేరుతో గుడి ఇంకెక్కడా లేదని గుడి దగ్గర పూలమ్మే ఆమె చెప్పింది. 1897లో మొదలైన బార్శీ లైట్ రైల్వే ఈ ఊరికి ఇంకో గొప్ప. చిన్న పట్టాల మీద నడిచిన ఆ బండి ఇప్పుడు లేదు, పెద్ద లైను వచ్చేసింది. బస్టాండ్ దగ్గర లాడ్జీ గది ఏడు వందలు. దుప్పట్లు శుభ్రం, గీజర్ మాత్రం అలంకారానికి.

మధ్యాహ్నం నర్గీస్ దత్ మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాం. లోపల ఫొటోలు తీయలేదు, తీయబుద్ధి కాలేదు. ఓపీ దగ్గర తెల్లటోపీల ముసలాళ్లు, తొమ్మిది గజాల చీరల్లో ఆడవాళ్లు, ప్రతి బెంచీ కింద ఒక గుడ్డమూట, స్టీలు డబ్బా. మా పక్కనున్న జంట బీడ్ జిల్లా నుంచి తెల్లవారుజామున బయల్దేరారట. ఆయన డబ్బా తెరిచి ముందు మాకు భాక్రీ తుంచి ఇచ్చాడు, తర్వాతే భార్యకి. వద్దంటే నొచ్చుకునేలా ఉన్నాడు. తీసుకున్నాం.

చిన్నమ్మ వాళ్ల దూరపు చుట్టం ద్వారా ఒక పెద్దాయన పరిచయమయ్యారు. రిటైరైన ఫీల్డు వర్కర్. అందరూ కాకా అంటారు, మేమూ అదే పిలిచాం. ఆయన మమ్మల్ని ‘తాయీ’ అన్నారు, అంటే అక్కా అని. ఆస్పత్రి ఎదుటి టీకొట్టులో కూర్చుంటే సాయంత్రమైంది.

దేశంలో మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఎవరెవరికి క్యాన్సర్ వచ్చిందో రాసుకునే లెక్క, బార్శీలోనే 1987లో మొదలైంది. ముంబై పరిశోధకురాలు డాక్టర్ కస్తూరి జయంత్, ఇక్కడి ఆస్పత్రిని నడిపిన డాక్టర్ బి. ఎం. నేనే, వెనక ముంబై క్యాన్సర్ సంస్థ టాటా మెమోరియల్ సెంటర్. పట్నంలో రిజిస్ట్రీ అంటే ఆస్పత్రులన్నీ తిరిగి పేర్లు రాసుకోవడం. పల్లెలో అలా కుదరదు. జబ్బుపడ్డ మనిషి ఆస్పత్రి గడప తొక్కకుండానే పోతుంది, ఏ జబ్బుతో పోయిందో రాసే డాక్టరూ ఉండడు. అందుకని రిజిస్ట్రీయే ఊళ్లకి వెళ్లింది. బార్శీ, పరాండా, భూమ్ తాలూకాల్లో 300 పైచిలుకు ఊళ్లు.

“ఊళ్లోకి వెళ్లగానే క్యాన్సర్ అనేవాళ్లం కాదు తాయీ. ముందు సర్పంచి, తర్వాత బడి మాస్టారు, తర్వాత మంత్రసాని. పంచాయతీలో చావుల రిజిస్టర్ చూసేవాళ్లం. ఎవరికైనా గొంతులో గడ్డ, తెల్లబట్ట, ముట్లాగిపోయాక రక్తం కనపడటం, ఇలాంటివి ఉన్నాయా అని అడిగేవాళ్లం. ఉంటే ఆస్పత్రికి రమ్మనేవాళ్లం. రాకపోతే మళ్లీ వెళ్లేవాళ్లం. మళ్లీ రాకపోతే మళ్లీ.”

మొదట్లో తిట్టేవారా అని అడిగాను.

“తిట్టడమా! ‘ఎప్పుడు చస్తామో రాసుకోడానికొచ్చాడు’ అనేవాళ్లు. ఓ ఊళ్లో నాకు యముడి మనిషని పేరు పెట్టారు.” కప్పు సాసర్లో బోర్లించి నవ్వారు. “పేరు ఎప్పుడు పోయిందో తెలుసా? ఆ ఊరి నుంచి ఒకామెని బార్శీ తీసుకొచ్చి, వైద్యం చేయించి, తిరిగి ఇంటి దగ్గర దింపాక.”

ఈ తిరుగుడుకి ఒక ఫలితం లెక్కల్లోనే కనపడింది. ఇక్కడి ఆడవాళ్లలో అప్పట్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరే అన్నిటికంటే ఎక్కువ. కొత్త పరీక్షా లేదు, కొత్త మందూ లేదు. ఊరికే వెళ్లడం, మాట్లాడటం, రమ్మనడం. దాంతోనే తొలి దశలో ఆస్పత్రికి చేరేవాళ్ల శాతం పెరిగిందని 1990ల నడుమ పరిశోధన పత్రాలు వచ్చాయి. లెక్క రాసుకోవడానికి వెళ్లినవాళ్ల వల్ల ఆ లెక్కే మారిపోయింది. పెద్ద పరిశోధన వీళ్ల దగ్గరికి వచ్చింది ఆ తర్వాత, 1999లో. అంటే మొదటి పన్నెండేళ్లూ ఊళ్లకి వీళ్లు తెలిసినవాళ్లు కావడానికే సరిపోయాయి. ఖమ్మంలో ఆ పన్నెండేళ్లు ఎవరి దగ్గరా లేవు.

ఖమ్మం ఊసెత్తితే కాకాకి తెలుసు. 2009 సెప్టెంబర్‌లో హెచ్‌పీవీ టీకా మీద వేరే అధ్యయనం ఒకటి దేశంలో తొమ్మిది చోట్ల మొదలైంది. బార్శీ అందులో ఉంది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రీ ఉంది. మూడు డోసులు అవసరమా, రెండు చాలా అని చూడటం దాని పని. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో అన్ని హెచ్‌పీవీ టీకా పరీక్షలతోపాటు అదీ ఆగింది. అప్పటికి 17,729 మంది ఆడపిల్లలకి టీకా మొదలైంది. వాళ్లలో 4,950 మందికి ఒక్క డోసే పడింది, రెండోది వేసే వీల్లేకపోయింది. పరిశోధకులు వాళ్లని వదిలేయకుండా ఏళ్లతరబడి వెంట ఉండి చూస్తే, క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్‌ల నుంచి ఒక్క డోసు కూడా దాదాపు మూడు డోసులంత కాపాడుతోందని తేలింది. ఆ ఫలితం 2021లో అచ్చయింది. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికీ ఒప్పుకుంది. దానికి ఆధారాల్లో ఈ పిల్లల లెక్క ఒకటి.

ఖమ్మంలో చేసిన తప్పు వల్ల ఆగిన పని, బార్శీలాంటి చోట్ల ఓపికగా వెంటపడటం వల్ల లోకానికి పనికొచ్చింది. ఇందులో ఖమ్మానికి ఎవరూ కృతజ్ఞత చెప్పనక్కర్లేదు, క్షమాపణ మాత్రం బాకీ ఉంది.

ధారాశివ్ దారిలో ఒక ఊరు, మంగళవారం

మంగళవారం అమ్మవారి రోజు, తుల్జాపూర్ వెళ్దామని వదిన. కాకాకి ఖాళీ ఉన్నది మంగళవారమే. మంగళవారం గుళ్లో విపరీతమైన రద్దీ ఉంటుందని లాడ్జీ అబ్బాయి చెప్పడంతో గండం గడిచింది. అయినా బస్సెక్కేదాకా వదిన ముభావంగానే ఉంది.

ఊరి పేరు రాయడం లేదు. అయితే ఒక హెచ్చరిక: ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు జంటగా ఉంటాయి, ఒకటి ఖుర్ద్, ఇంకొకటి బుద్రుక్. చిన్నదీ పెద్దదీ అనుకోండి. కాకా ఎదురుచూస్తున్నది బుద్రుక్‌లో, కండక్టర్ మమ్మల్ని దింపింది ఖుర్ద్‌లో. వేపచెట్టు కింద పేకాడుతున్న నలుగురు ముక్కలు దింపకుండానే మా కథంతా విన్నారు. ఒకడు లేచి పాలవ్యాన్ ఆపించాడు. క్యాన్ల మధ్య నిలబడి మూడు కిలోమీటర్లు. డబ్బులిస్తే డ్రైవర్ తీసుకోలేదు. “పాహుణే” అన్నాడు, చుట్టాలని.

అక్కడ ఏ ఇంటికి వెళ్లినా ముందు బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు. తర్వాత పసుపూ కుంకుమా. ఆ తర్వాతే పేరు అడుగుతారు. సగం ఇళ్లకి తాళాలున్నాయి. చెరకు కొట్టడానికి దసరా తర్వాత వెళ్లిన కుటుంబాలు ఎండాకాలం మొదట్లో గానీ తిరిగిరావు. ఊళ్లో సర్వే చేయాలన్నా పరీక్ష పెట్టాలన్నా ఈ క్యాలెండర్ తెలియాలి. “ముంబై నుంచి డిసెంబర్‌లో తేదీ పెట్టి పంపేవాళ్లు” అన్నారు కాకా. “డిసెంబర్లో వెళ్తే తాళాలకి చేయాలి పరీక్ష.”

చేలో హుర్డా కాల్చారు. మన పాలకంకులే, జొన్నవి. నేలలో చిన్న గుంట తీసి, పిడకలు కాల్చి, నిప్పుల మీద కంకుల్ని పెడతారు. ఆ ఇంటి పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, కాలే కంకిని ఉత్తచేత్తో తీసి అరచేతుల మధ్య రెండు పులుములు పులిమింది. పొట్టు ఊదేసరికి పచ్చటి గింజలు చేటలో రాలాయి. నేనూ ప్రయత్నించి చెయ్యి కాల్చుకున్నాను. లేత గింజ నమిలితే పాలు, పైన కాస్త పొగవాసన. పక్కన షేంగా చట్నీ, బెల్లం, గడ్డపెరుగు. రోడ్డు పక్క తోటల్లో ఇదే హుర్డా పార్టీ అని మనిషికి మూడు, నాలుగు వందలు తీసుకుంటున్నారు. ఈ ఇంట్లో డబ్బు మాటెత్తితే కొట్టేలా ఉన్నారు.

ఆ పెద్దావిడ ఆ పరిశోధనలో ఉన్న మనిషే. ఇదీ ఆ పరిశోధన: 1999 చివర్లో మొదలుపెట్టి, అప్పటి ఉస్మానాబాద్, ఇప్పటి ధారాశివ్ జిల్లాలో ఊళ్లని 52 గుంపులు చేశారు. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,746 మంది. చిట్టీ తీసినట్టు గుంపుల్ని నాలుగు రకాలుగా విడగొట్టారు. ఒక భాగానికి హెచ్‌పీవీ వైరస్ పరీక్ష, ఒక భాగానికి గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్, ఒక భాగానికి పలుచని వెనిగర్ రాసి తెల్లమచ్చ వస్తుందేమో కంటితో చూసే పరీక్ష. నాలుగో భాగానికి పరీక్ష లేదు, అవగాహన మాటలు మాత్రమే. బార్శీ ఆస్పత్రి, టాటా మెమోరియల్, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలిసి చేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది.

“పిల్లలు పుట్టకుండా చేస్తారని మా అత్త వెళ్లనివ్వలేదు” అంది పెద్దావిడ. “నాకప్పటికే నలుగురు. ఇంక పుట్టకపోతే నీకేం నష్టమని అడిగా.” చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి చెప్పింది: మరిదికి గొంతు క్యాన్సర్ వస్తే చూసింది బార్శీ ఆస్పత్రే. ఆ ఆస్పత్రి మనుషులన్నారు కాబట్టి వెళ్లింది. పరీక్ష చేసింది ఆడమనిషి. బడి గదిలో తలుపులేసి, కిటికీకి దుప్పటి కట్టారు. వారాల తర్వాత మళ్లీ ఇంటికొచ్చి, మీకు ఇంకో పరీక్ష చేయాలన్నారు. భయపడి పుట్టింటికి వెళ్లిపోయింది. పుట్టింటికీ వచ్చారు.

“అక్కడికి కూడానా?” అంది వదిన.

“అక్కడికీ! మా అన్న వాళ్లకి టీ పోసి నన్ను అప్పజెప్పాడు.” వైద్యం పావుగంట పట్టిందట. ఆ రోజే ఇంటికి పంపించారు.

వైరస్ పరీక్షకి పిలిచిన పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది వచ్చారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి: ఒకే ఒక్కసారి చేసిన ఆ పరీక్షతో ఎనిమిదేళ్లలో ముదిరిన క్యాన్సర్లూ మరణాలూ దాదాపు సగానికి తగ్గాయి. వైరస్ పరీక్ష జరిగిన 34,126 మంది గుంపులో ఈ క్యాన్సర్‌తో చనిపోయింది 34 మంది. ఏ పరీక్షా లేని 31,488 మందిలో 64 మంది.

ఈ అంకెలు నేను వదినకి తెలుగులో చెబుతుంటే, పెద్దావిడ కోడలు ఏం మాట్లాడుతున్నారని అడిగింది. కాకా మరాఠీలో చెప్పారు. ఆ అమ్మాయి పుట్టిల్లు ఇదే జిల్లాలో ఇంకో తాలూకా. పరీక్షలు జరిగినప్పుడు చిన్నపిల్ల. “మా అమ్మవాళ్ల ఊరికి మాటలే వచ్చాయి, పరీక్ష రాలేదు. అమ్మ ఏదో కాగితం మీద సంతకం కూడా పెట్టింది. మా ఊరిదే ఆ నాలుగో చిట్టీనా?” అంది.

కాకా కాసేపు చేటలో గింజలు ఏరారు. “అయ్యుంటుంది” అన్నారు. అప్పట్లో దేశంలో ఏ పల్లెలోనూ పరీక్ష లేదని, పరీక్షతో ప్రాణాలు దక్కుతాయని రుజువు చూపించకపోతే సర్కారు పైసా పెట్టదని, పోల్చి చూడటానికి ఒక పక్క అలా వదిలేయక తప్పలేదని వివరించారు. అదే జవాబు పరిశోధకులూ తర్వాత పత్రికల్లో ఇచ్చారు. ఎందుకంటే విదేశీ డాక్టర్లు కొందరు సరిగ్గా ఈ అమ్మాయి అడిగిందే అడిగారు: పాప్ స్మియర్ పనిచేస్తుందని లోకానికి తెలిసిన రోజుల్లో పరీక్ష లేని గుంపు ఎందుకని.

“రుజువు మా అమ్మ మీదే చూడాలా?” అంది కోడలు. కోపంగా కాదు. పొయ్యిలోకి ఇంకో పిడక వేస్తూ అడిగింది.

నాకు కాకా మాటలో నిజముందనే అనిపిస్తుంది. ఆ 64కీ 34కీ తేడా చూపించకపోతే ఇవాళ ఏ ప్రభుత్వమూ వైరస్ పరీక్ష మాట ఎత్తేది కాదేమో. కానీ అలాంటి రుజువు దొరికిన మర్నాడు మొదటి బండి వెళ్లాల్సింది నాలుగో చిట్టీ ఊళ్లకే, అదీ పరిశోధకుల దయగా కాదు, ముందే రాసుకున్న ఒప్పందంగా. పల్లెతో భాగస్వామ్యం అనే మాట ఎవరు వాడినా నేను ఇకమీదట అడగబోయేది ఈ ఒక్క కాగితమే.

వచ్చేముందు ఇంకో సంగతి. అక్కడ కూర్చున్న ఎనిమిదిమందిలో ముగ్గురికి నలభై రాకముందే గర్భసంచి తీసేశారు. ఇది మనకి కొత్త కాదు. దేశంలో ఈ ఆపరేషన్లు బాగా ఎక్కువ జరిగేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. “సంచే లేదు, ఇంకేం పరీక్ష” అన్నారు వాళ్లు. ఎందుకు తీశారంటే ఒక్కరి దగ్గరా కాగితం లేదు.

తుల్జాపూర్, బుధవారం

వదిన సంతోషం కోసం ఇది రాయాలి. గుడి మెట్లు దిగి వెళ్లాలి, ఎక్కి కాదు. గోముఖ తీర్థంలో కాళ్లు తడుపుకుని, “ఆయి రాజా ఉదో ఉదో” అని అరుస్తున్న జనంలో రెండు గంటలు నిలబడ్డాం. క్యూలో మా ముందు జహీరాబాద్ వాళ్లు, వెనక నారాయణఖేడ్ వాళ్లు. మొక్కు తీరింది. చీర, గాజులు, కొబ్బరికాయ ఉన్న పళ్లెం బయట ఆరు వందలు చెప్పారు. వదిన మూడు వందల యాభైకి తెచ్చింది. భోజనం మాత్రం ఆరోజు బాగాలేదు. పూరన్‌పోళీ, అంటే మన బొబ్బట్టు, చల్లటిది పెట్టారు, నూట ముప్ఫై.

క్యూలో నిలబడి వదిన ఉన్నట్టుండి, “ఆ పరీక్ష నాకూ చేస్తారా?” అని అడిగింది. వదినకి యాభై రెండు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదంది. నేను కూడా చెప్పలేదన్నది పైకి అనలేదు గానీ చూపులో ఉంది.

మళ్లీ సోలాపూర్, గురువారం

సిద్ధేశ్వర్ జాతరకి ఊరు ముస్తాబవుతోంది. మేం మాత్రం చిన్నమ్మ ఇంటి వరండాలోనే ఉండిపోయాం. మధ్యాహ్నం పక్కిళ్ల ఆడవాళ్లు చాటలు పట్టుకుని బీడీలు చుట్టడానికి వచ్చారు. తడిపిన తునికాకు, రేకుతో చేసిన కొలత, కత్తెర, ఒడిలో పొగాకు. ఆకు కత్తిరించడం, పొగాకు పరచడం, చుట్టడం, దారం కట్టడం, అంతా నోరు ఆగకుండానే. ఆ పొగాకు ఘాటుకి వదినకి వరుసగా తుమ్ములు.

బార్శీ కథ చెబుతుంటే ఒకామె మధ్యలో ఆపింది. “మాకు సుత పోయినేడు క్యాంపు వెట్టిండ్రక్కా. నోరు జూసిండ్రు, కింద జూసిండ్రు, ఫోటోలు దిగిండ్రు. రిపోటు ఇంటికొస్తదన్నరు. ఇంతవరకు రాలె.”

ఎవరు పెట్టారో ఆమెకి సరిగా గుర్తులేదు. దాచుకున్న చీటీ తెచ్చింది, మడతల దగ్గర చిరిగి ఉంది. దాని మీద సీరియల్ నంబర్, ఒక ఫోన్ నంబర్. చేశాను. నాలుగోసారికి ఎత్తారు. నంబర్ చెబితే, రిపోర్టులన్నీ ఆఫీసులోనే ఉన్నాయని, సోమవారం వచ్చి తీసుకోవచ్చని, ఎవరూ రాలేదని అన్నారు. ఇంటికి పంపుతామన్నారు కదా అంటే అడ్రసులు సరిగా రాసుకోలేదట. అందరూ ఇదే సందులో ఉంటారని చెప్పాను.

తర్వాతి సోమవారం ఆమె ఒక్కతే వెళ్లలేదు, తనతో క్యాంపుకొచ్చిన పదకొండు మందినీ వెంటేసుకుని వెళ్లింది. ఒక రోజు బీడీల కూలి పోయిందని ఫోన్లో సణిగింది. పదకొండు మందికి నార్మల్. ఒకామెని మళ్లీ పరీక్షకి రమ్మని ఆ కాగితం మీద ఏడు నెలల కిందటే రాసి ఉంది. ఆమెని గురువారం ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, చిన్నమ్మ కోడలు తోడు వెళ్తోంది.